భ్రమరకీటన్యాయము

మన వేదాంతగ్రంథములలో తఱచుగా కనబడు న్యాయములలో భ్రమరకీటన్యాయ మొకటి. తుమ్మెద యొక పురుగును పట్టి తెచ్చి మట్టిగూటిలో బంధించుననియు, ఆ పురుగు ప్రాణభయముచే తుమ్మెదనే తలచుచు తలచుచు తుదకు తానే తుమ్మెదయై రెక్కలతో వెలువడుననియు దాని తాత్పర్యము. భాగవతము ఏకాదశస్కంధమున అవధూత యదుమహారాజునకు చెప్పిన యిరువదినలుగురు గురువులలో కడపటిది ఈ గూడుకట్టు పురుగే. దేనిని ఏకాగ్రచిత్తముతో ధ్యానింతుమో ఆ రూపమునే పొందుదుమని చెప్పుటకు ఇంతకంటె చక్కని పోలిక దొరకదు. మా గురువుగారు దీనిని బోధించునప్పుడు ప్రతిపదార్థము, అన్వయము, తాత్పర్యము అన్నియు మాచేత ఒప్పగింపించుకొనిరి. గూటిని చూచితిరా యని మాత్రము ఎవరిని ఎవరును అడిగినది లేదు.

ఆ పురుగు హిమవత్పర్వతమునందో నైమిశారణ్యమునందో యుండునది కాదు. చదువరులు ఈ పుటను ఒక్క నిమిషము ప్రక్కన నుంచి తమ యింటి గోడలవంక చూతురు గాక. గోడకు తగిలించిన క్యాలెండరు వెనుక, తలుపుచట్రపు మూల, కరెంటు స్విచ్చిపెట్టె క్రింద, ఏడాదిగా తెఱవని పుస్తకాల బీరువాలో, వ్రేలెడు పొడవున ఎండిన మట్టిముద్ద యొకటి కనబడకపోదు. మా ప్రొద్దుటూరి యింటిలో అట్టివి 7 లెక్కకు వచ్చినవి. అందొకటి నా అమరకోశపు అట్టమీదనే కట్టబడియుండెను. ఆ పుస్తకమును నేనెంత తఱచుగా తెఱచుచున్నానో దానివలన ఇంటిల్లిపాదికిని తెలిసిపోయినది.

మా యింట పురుగులను వెదకి పేర్లు తెలిసికొను నలవాటు ఒక వేసవి సెలవులలో మొదలైనది. మా సీమ యెండల సంగతి తెలిసినదే. పగలు 40 డిగ్రీలు దాటినపుడు పిల్లలను వెలుపలికి పంపుటకు వీలులేదు. అమ్మాయి అప్పుడు ఎనిమిదవ తరగతి ముగించినది, చిన్నవాడు నాలుగవది. ఇద్దఱును సెల్‌ఫోను కొఱకు పోట్లాడుకొనుచుండగా, ఆ సెల్‌ఫోనుతోనే గోడమీది పురుగులను ఫొటోలు తీయుమని నా భార్య వారికి పని కల్పించినది. ఒక రూళ్ల నోటుపుస్తకము, ఒక భూతద్దము, ఖాళీ ఊరగాయ సీసాలు నాలుగు మా పరికరములు. పేరు తెలిసిన దానికి పేరు వ్రాయవలెను, తెలియని దానికి ప్రశ్నార్థకము వేయవలెను, తోచిన పేరు కల్పింపరాదు అనునది మేము పెట్టుకొన్న కట్టుబాటు. ఈ కట్టుబాటు పిల్లలకు సులభముగా పట్టుబడినది. పెద్దవారికే కష్టము. ఏదైన నడిగినచో తెలియదనుట బడిపంతులు నోట అంత తేలికగా వచ్చు మాట కాదు.

మొదటి పాఠము కాళ్లు లెక్కించుట. ఆఱుకాళ్లున్నది కీటకము. ఎనిమిది కాళ్లుగల సాలీడును తేలును కీటకములు కావు. జెఱ్ఱియు రోకలిబండయు వేఱు వంశములు. తుమ్మెదకు షట్పదమని పేరు పెట్టిన పూర్వుడెవడో అతడును మనవలెనే ఆగి కాళ్లు లెక్కపెట్టినవాడే గదా యని అమ్మాయితో అంటిని. తొలకరి పడగానే ఎఱ్ఱని మఖమలుగుడ్డ ముక్కవలె నేలపై ప్రాకు ఆరుద్రపురుగును సంస్కృతకవులు ఇంద్రగోపమని ఎంతయో వర్ణించిరి. మా చిన్నవాడు దానిని అరచేత నుంచుకొని భూతద్దముతో చూచి, "నాయనా, దీనికి ఎనిమిది కాళ్లు. ఇది మన లెక్కలోకి రాదు" అని తీర్పు చెప్పెను. తీర్పు సరియైనదే, అది సాలీటి చుట్టము. మొదటి వానరాత్రి దీపముచుట్టు మూగిన ఉసిళ్లు చెదపురుగులకే రెక్కలు వచ్చిన రూపమని చెప్పినపుడు మా అమ్మ నమ్మలేదు. తన చిన్నతనమున ఉసిళ్లను వేయించి బొరుగులతో కలిపి తినిన రుచి ఆమెకు ఇంకను జ్ఞాపకమున్నది. ఇంటి దూలములను తినివేయు చెదయు, తాను తినిన ఉసిళ్లును ఒకే జాతి యనుట ఆమెకు అవమానముగా తోచినది. రెక్కలు రాలిన ఉసిలిని సీసాలో చూపిన తరువాత, "అట్లయితే మనమే ముందు తిన్యాంలే" అని సమాధానపడెను.

ఇట్లు వెదకుచు వెదకుచు మట్టిగూటి యొద్దకు వచ్చితిమి. ఇక్కడ పేరుతోనే చిక్కు వచ్చినది. న్యాయమున భ్రమరమని యున్నది, భ్రమరమనగా తుమ్మెద. మా పెరటి పందిటి వెదుళ్లకు గుండ్రని రంధ్రములు తొలుచు నల్లని తుమ్మెదను పిల్లలు అంతకుముందే వ్రాసికొనియుండిరి. అది మట్టి ముట్టదు, పురుగును తేదు. పూలపుప్పొడిని తెచ్చి తన పిల్లకు పెట్టును. మట్టితో గూడు కట్టునది వేఱొకటి. దాని దేహము నలుపు, కాళ్లపై పసుపు, నడుము దారమంత సన్నము. మనము కందిరీగ యనుచున్నాము. అమరకోశమున వరట, గంధోలి యని దీనికి తగిన పేర్లున్నవి. భాగవతము సైతము భ్రమర మనలేదు, పేశస్కృత్ అన్నది. రూపమును దిద్దునది యని ఆ మాటకర్థము. తరువాతివారి నోట దిద్దునది పోయి తుమ్మెద వచ్చి చేరినది.

కందిరీగ యనగానే పిల్లలను లోపలికి పిలుచుకొని తలుపు వేయు తల్లులు కలరు. అందఱును ఆగి చూడవలసిన భేదము ఇక్కడ నున్నది. చూరునుండి వ్రేలాడు కాగితమువంటి తుట్టెలో గుంపుగా నుండు కందిరీగలు గూటి జోలికి పోయినచో మూకుమ్మడిగా కుట్టును. వానియొద్దకు పిల్లలను పోనీయరాదు. మట్టిగూడు కట్టునది ఒంటరి. చేత పట్టి నలిపిననే తప్ప అది మనుష్యుని కుట్టదు. పాత్రలు తోము జలదారి యొద్ద తడిమట్టిని ఉండచేసి నోట కఱచుకొని వచ్చి గోడకు మెత్తుచు, మెత్తునంతసేపు సన్నగా రొదచేయును. మిక్సీ వేసినట్లున్నదని మా చిన్నవాడు. దానికి తోడుగా మఱియొక జాతి కలదు. అది గచ్చకాయంత గుండ్రని కుండను, సన్నని మూతి అంచుతో సహా, కిటికీ చువ్వమీద కట్టును. మా ప్రొద్దుటూరి కుమ్మరి చూచినను తలయూపవలసినదే.

గూడు విప్పి చూతమని అమ్మాయి యన్నది. వెంటనే మా అమ్మ అడ్డము వచ్చెను.

"గూడు పెట్టిందంటే ఇంట్లో ఎవరో ఒకరు నీళ్లోసుకుంటారు. దాన్ని ముట్టొద్దండి."

ఈ నమ్మకము మా సీమలో చాల యిండ్లలో కలదు; ఇతర ప్రాంతములందును వింటిని. ఊరక వినినచో నవ్వి యూరకుండదగినదే. కాని ఆ దినము మా యింట నా తమ్ముని భార్య యుండెను. వారి కాపురము జమ్మలమడుగు. పెండ్లియై తొమ్మిదేండ్లయినది, సంతానము లేదు. ఆమె మా యింటికి వచ్చిన నాలుగవనాడే కందిరీగ కొత్తగూడు మొదలుపెట్టుట చూచి మా అమ్మ సంతోషించి, ఆ మూలకు చీపురు తగులనీయకుండ కాపలా కాయుచుండెను. మా అమ్మ చెడ్డయత్త కాదు. కోడలిని ఒక్కనాడును నిష్ఠురమాడినది లేదు. అయినను ఆశతో చూచు చూపు నిష్ఠురపు మాటకంటె తేలికైనదేమియు కాదు. గోడమీద మట్టి పెరిగిన కొలది ఇంటిలోని పదికన్నులు ఒక ఆడుబిడ్డ కడుపువంక తిరుగుచుండెను. పొరుగింటివారు సైతము వచ్చి ముందు గూటిని, తరువాత ఆమెను చూచి పోయిరి.

ఆమె వంటయింటి గడపయొద్ద నిలిచి అంతయు వినుచుండెను. అప్పుడు నాతో అన్న మాట ఇది.

"బావగారూ, మా జమ్మలమడుగు ఇంట్లో కడపరాళ్ల సందుల్లో ఇట్లాంటివి పది ఉండాయి. తొమ్మిదేండ్లుగా చూస్తానే ఉండా. లోపల ఏముందో నాకూ తెలియాల. విప్పండి."

మా అమ్మ మాటాడక లేచి లోపలికి పోయెను. కొత్తగూటిని విడిచి, కొంత పాతబడిన దానిని, నా యమరకోశపు అట్టమీది దానినే, ఎత్తుకొని వసారాలోనికి తెచ్చితిమి. కూరగాయల కత్తి మొనతో ఒక్కొక్క గదిని తెఱచినది మా మఱదలే.

గదులు ఆఱు. మొదటిదానిలో పురుగు లేదు, సాలీళ్లున్నవి. కాగితముమీద పఱచి లెక్కించితిమి, 14. అన్నియు చిన్నవి, పచ్చనివి, బూడిదరంగువి, తోటలో ఆకులమధ్య తిరుగునట్టివి. చచ్చినవే యనుకొనుచుండగా, భూతద్దము పట్టుకొన్న చిన్నవాడు ఒకదాని కాలు కదలినదని కేక వేసెను. కందిరీగ వానిని కుట్టి చేష్టలుడుగునట్లు చేయును గాని పలుమాఱు ప్రాణము తీయదు. చచ్చిన మాంసము కుళ్లును; పడియున్నది తాజాగా నుండును. ఆ సాలీళ్లలో ఒకదానిపై ఒక చిన్న తెల్లని గ్రుడ్డు పెట్టి గది మూసివేయును. రెండవ గదిలో ఆ గ్రుడ్డునుండి పుట్టిన కాళ్లులేని పాలిపోయిన పురుగు, సగము తినిన సాలీళ్ల నడుమ పడియుండెను. మూడవదానిలో సాలీళ్ల కాళ్లముక్కలు మాత్రమే. పురుగు బలిసి గదినిండ నున్నది. నాలుగవదానిలో ఉల్లిపొరవంటి గోధుమరంగు సంచి యొకటి. ఆ సంచిలో అది రూపు మార్చుకొనుచున్నది. తక్కిన రెండు గదులను తెఱవక, గూటిని ఊరగాయసీసాలో నుంచి మూతికి పలుచని గుడ్డ కట్టితిమి.

కాబట్టి బంధింపబడిన ప్రాణి వేఱు, వెలువడు ప్రాణి వేఱు. ఒకటి ఆహారము, ఒకటి సంతానము. కుండవంటి గూడు కట్టు జాతి సాలీళ్లకు బదులు ఆకుపచ్చని గొంగళిపురుగులను తెచ్చును. న్యాయము పుట్టినది దానిని చూచియే యై యుండును. అది గ్రుడ్డును ముందుగనే గది కప్పునుండి సన్నని దారముతో వ్రేలాడదీసి, తరువాత పురుగులను నింపును. పూర్వులలో ఎవడో పురుగు లోపలికి పోవుట చూచెను. మూడు నాలుగు వారముల పిమ్మట కందిరీగ వెలికి వచ్చుట చూచెను. రెండును నిజముగా చూచినవే. నడుమ గోడచాటున జరిగినదానిని ఊహతో పూరించెను. ఆ ఊహ ఎంత సొగసైనదో కాదనలేము.

సీసాలోనుండి నెల గడచిన తరువాత ఒక కందిరీగ మట్టిని కొఱికి రంధ్రముచేసికొని వచ్చినది. ఇంతవరకు మేమనుకొన్నట్లే. మూడు దినములకు రెండవ రంధ్రమునుండి వచ్చినది చూచి అందఱము నిశ్చేష్టులమైతిమి. అది కందిరీగవలె నలుపుపసుపు కాదు. నెమలిపింఛపు కన్నులోని పచ్చయు నీలమును కలిసి మెఱయుచున్న చిన్న జంతువు. దేహమంతయు లోహపు పూత పూసినట్లున్నది. ఫొటోలను గ్రంథములతో సరిపోల్చి చూడగా అది కోకిలవృత్తి గల మఱియొక కందిరీగ యని తేలినది. కోకిల కాకిగూటిలో గ్రుడ్డుపెట్టినట్లు, ఇది ఇతర కందిరీగ కట్టిన మట్టిగూటిలో గ్రుడ్డు పెట్టును. దాని పిల్ల ఆ యింటి పిల్లను తినివేసి పెరుగును. లోపలి పురుగు గూడుకట్టిన దానిని ధ్యానించియే రూపము పొందునదైనచో, ఈ పచ్చనిది ఎవరిని ధ్యానించి వచ్చినదో నాకు తెలియదు. భ్రమరకీటన్యాయమును దీనికంటె సులభముగా ఖండించు వాదమును నేనే తర్కగ్రంథమునందును చదువలేదు.

అమ్మాయి ఆ రాత్రి అడిగెను: "అయితే నాయనా, భాగవతం అబద్ధమా?"

ఈ ప్రశ్నకు రెండు సులభమైన సమాధానములున్నవి. అవునని కొందఱు, నోరుమూయుమని కొందఱు. రెండవది మన యిండ్లలో ఎక్కువ. శంకరాచార్యులు గీతాభాష్యమున, అగ్ని చల్లనిదని నూఱు శ్రుతివాక్యములు చెప్పినను అవి ప్రమాణము కాజాలవని స్పష్టముగా వ్రాసిరి. కన్నులకు తెలియు విషయమున కన్నులే ప్రమాణము. శాస్త్రము చెప్పవలసినది కన్నులకు అందనిదానిని. అవధూత మాటలోని విషయము మనస్సు. కందిరీగ దానికి పోలిక మాత్రము. పోలిక తప్పినంతమాత్రమున ఏకాగ్రతను గూర్చిన మాట చెడదు. కాని పోలికనే ప్రమాణముగా పట్టుకొని జంతుశాస్త్రము చెప్పుట, ఇంకను ముందుకు పోయి దానినుండి స్త్రీల గర్భములకు శకునములు తీయుట, అవధూత చేసిన పని కాదు. పైగా ఆ యిరువదినలుగురి పట్టికను మరల చదివినచో, మిడుతయు తేనెటీగయు సాలీడును పావురమును కొండచిలువయు అందున్నవి. ఆ మనుష్యుడు అడవులలో తిరుగుచు ప్రాణులను తదేకదృష్టితో చూచినవాడు. ఆయన శిష్యులమని చెప్పుకొను మనము ఆయన చూచినదానిని వల్లించుచున్నామేగాని ఆయనవలె చూచుట మానివేసితిమి.

ఈ కథ మన దేశమునకే చెందినదని గర్వింపనక్కఱలేదు, సిగ్గుపడనక్కఱలేదు. చీనావారి ప్రాచీన పద్యసంహితలోను కందిరీగ గొంగళిపురుగును ఎత్తుకొనిపోవు ప్రస్తావన కలదు. కందిరీగకు పిల్లలు పుట్టవనియు, అది పరుల పిల్లను తెచ్చి నావలె కమ్మని జపించి తన పిల్లగా మార్చుకొనుననియు వారి వ్యాఖ్యాతలు వ్రాసిరి. అందుచే ఆ భాషలో పెంపుడుకొడుకును ఆ గొంగళిపురుగు పేరుతోనే పిలుచుట వాడుకయైనది. క్రీ. శ. 456 మొదలు 536 వఱకు జీవించిన తావో హోంగ్‌జింగ్ అను వైద్యపండితుడు మాత్రము గూటిని పరిశీలించి, పిల్లలు కందిరీగ గ్రుడ్లనుండియే పుట్టుచున్నవనియు, తెచ్చిన పురుగులు వాని ఆహారమనియు వ్రాసెను. అనగా దాదాపు 1500 ఏండ్లకు ముందే ఒకడు మా మఱదలు చేసిన పని చేసినాడు. ఐరోపావారు అప్పటికిని, ఆ తరువాత వేయేండ్లకు పైగాను, మాంసమునుండి పురుగులు తమంతట పుట్టునని నమ్ముచుండిరి. 1668లో ఫ్రాంచెస్కో రెడి అను ఇటలీ వైద్యుడు మాంసపు పాత్రకు పలుచని గుడ్డ కట్టి, ఈగ వ్రాలనిచో పురుగు పుట్టదని చూపెను. మా ఊరగాయసీసాకు గుడ్డ కట్టునపుడు ఈ కథ పిల్లలకు చెప్పితిని.

కందిరీగల బ్రదుకును లోకమునకు విప్పి చూపినవారిలో ప్రసిద్ధుడు ఫ్రాన్సుదేశపు ఫాబ్రె. ఆయనయు బడిపంతులే. 1823లో పుట్టి 1915లో చనిపోయెను. 1879 మొదలు 1907 వఱకు పది సంపుటములుగా వెలువడిన ఆయన గ్రంథములో ఇంటిగోడలు, పెరడు, పొయ్యిగూడు తఱచుగా వచ్చును. ఆయన పిల్లలు కూడ పురుగులను వెదకి తెచ్చి సాయపడుచుండిరి. ఆవిన్యో పట్టణమున సాయంకాలపు తరగతులలో ఆడుపిల్లలకు పూలలో బీజము ఏర్పడు విధమును పాఠముగా చెప్పినందులకు ఊరి పెద్దలు ఆగ్రహించిరి. 1870 ప్రాంతమున ఆయన ఆ యూరు విడువవలసి వచ్చెను. ఆడుపిల్లలు పుట్టుక రహస్యమును తెలిసికొనరాదను పట్టుదల గోదావరికి ఈవలనే పుట్టినదని తలచువారు ఈ సంగతి నెఱుగవలెను.

మా గూటి కందిరీగకు శాస్త్రనామమున మద్రాసు పేరున్నది. స్కెలిఫ్రాన్ జాతిలో మద్రాస్‌పటానమ్ అను ఈ భేదమునకు ఫాబ్రీషియస్ అను పండితుడు 1781లో ఆ పేరు పెట్టెను. ఆయనయు, తరంగంబాడికి 1768లో వైద్యుడుగా వచ్చిన కోనిగ్ అను నాతడును లిన్నేయసు శిష్యులు. కోనిగ్ మన దేశపు చెదపురుగులను గూర్చి 1779లో వ్యాసము ప్రకటించి, 1785లో కాకినాడ జగన్నాథపురమున కన్ను మూసెను. సముద్రములు దాటి వచ్చి మన గోడమీది చెదను చూచి వ్రాసినవాడు తెలుగుగడ్డ మీదనే పోయినాడన్న మాట మా అమ్మాయికి నచ్చి, ఆయన పేరు నోటుపుస్తకపు అట్టలోపల వ్రాసికొన్నది.

మా మఱదలు జమ్మలమడుగునకు తిరిగి పోవుటకు ముందు నాటి మాట ఒకటి చెప్పవలెను. గూడు విప్పిన సాయంకాలము ఆమె మా అమ్మ ప్రక్కన కూర్చుండి సాలీళ్ల కాగితమును చూపి, "ఇదత్తా లోపల ఉండేది. నా కడుపుకూ దీనికీ ఏం సంబంధం?" అనెను. కోపముతో అన్నది కాదు. మా అమ్మ చాలసేపు ఆ కాగితమును చూచి, "పాపం, ఇన్ని తెచ్చి పెట్టిందా బిడ్డకు" అని మాత్రమనెను. తొమ్మిదేండ్లలో మ్రొక్కులకు పోయిన ఊళ్లు లెక్కకు మిక్కిలి. వైద్యునియొద్దకు ఆమె యొక్కతెయే పోయెను గాని నా తమ్ముడు పోలేదు. మన యిండ్లలో సంతానలేమి స్త్రీ వ్యాధిగానే పరిగణింపబడుచున్నది. కారణము పురుషునియందుండుటయు సామాన్యమే యనియు, ఇద్దఱును పరీక్షింపబడవలెననియు ఎఱిగిన వైద్యులెల్లరు చెప్పుదురు. ఆ వారమే నా తమ్మునితో నేను మాటాడితిని. అతడు మొదట ముఖము త్రిప్పుకొనెను, తరువాత ఇద్దఱును కలిసి కడపకు పోయిరి. అటుపిమ్మటి విషయము వారిది. పత్రికలో వ్రాయదగినది కాదు.

సెలవుల చివరి పదిదినములు పులివెందులలో గడిపితిమి. నా భార్య పుట్టినిల్లు అది. మా బావమఱదికి అక్కడ చీనీతోట యున్నది. తోటలో మా పిల్లలకు గురువు కూలికి వచ్చు ఒక పెద్దాయన. లేత చీనీమొక్క యాకుమీద పక్షిరెట్టవలె కనబడు దానిని, అది పురుగని మొదట చూపినవాడు ఆయనయే. ముట్టినచో తలవెనుకనుండి రెండు ఎఱ్ఱని కొమ్ములు చాచి ఘాటైన వాసన కొట్టును. నాలుగు దినములలో అది పచ్చబడెను, తరువాత పుల్లకు నడుముకట్టుకొని గూడయ్యెను. ప్రొద్దుటూరికి తెచ్చిన సీసాలో నలుపు పసుపు మచ్చల సీతాకోకచిలుక వెలువడెను. కీటకము నిజముగా వేఱురూపమగుట ఇది. దీనికి బంధించిన భ్రమరమును లేదు, భయమును లేదు. లంకమల అడవులలో కలివికోడిని, పండితులు నశించినదని తలచిన దానిని, 1986లో మరల కనుగొన్నపుడు దానిని పేరుతో ఎఱిగి చూపినవారును అక్కడి పల్లెల వేటగాండ్రే. చదువుకొన్నవారి పట్టికలో లేనిది కూలివాని నోట ఉండవచ్చును.

ఆ పెద్దాయన కుండగూళ్లను కూడ చూపెను. చీనీయాకులను తినునట్టి గొంగళిపురుగులను ఈ కందిరీగలు ఎత్తుకొనిపోవుననియు, మందు కొట్టిన తోటలో ఇవి కనబడవనియు చెప్పెను. మా బావమఱది మాత్రము మోటారు స్టార్టరుపెట్టెలో అవి గూడు పెట్టి చేసిన నష్టమును ఏకరువు పెట్టెను. అతని మాటయు తీసివేయదగినది కాదు. 1996 ఫిబ్రవరి 6వ తేదీన డొమినికన్ రిపబ్లిక్ తీరమున ఒక విమానము సముద్రమున గూలి 189 మంది మరణించిరి. వేగమును కొలుచు గొట్టము మూసికొనిపోయినదనియు, దానిని మూసినది బహుశః మట్టి కందిరీగ గూడనియు విచారణచేసినవారు భావించిరి. ఉపకారియో అపకారియో గూడు పెట్టిన చోటును బట్టి యుండును.

నోటుపుస్తకమున ఇప్పటికి 63 పేర్లు చేరినవి. 19 చోట్ల ప్రశ్నార్థకములు మిగిలియున్నవి. అందొకటి మా వంటయింటి పప్పుడబ్బాలోనిది. తల్లికందిరీగ గది మూసి పోవును, పిల్ల ముఖము ఎన్నడును చూడదు. పిల్ల ఒంటరిగా వెలువడి, ఎవరును నేర్పకయే మట్టి తెచ్చి అదే కొలతలతో గూడు కట్టును. ఇది యెట్లని అమ్మాయి యడిగినది. అక్కడను ఒక ప్రశ్నార్థకము పెట్టించితిని. జన్మచే వచ్చిన గుణమని వ్రాయవచ్చును గాని, అది ప్రశ్నకు మఱియొక పేరు.

మొన్న దీపావళికి ఇల్లు దులుపు పనివాడు వచ్చి క్యాలెండరు వెనుకనున్న కొత్తగూటిపై చీపురెత్తగా మా అమ్మ ఆపెను. పాత కారణమో కొత్త కారణమో తెలియక నేను ఆమెవంక చూచితిని. "ఇంకా బయటికి రాలేదు, రెండు బొక్కలే పడినాయి. మిగతాయి వచ్చినాక దులుపుదువు పో" అని వానిని మేడమీదికి పంపినది.